బడి గేటు ముందు వంద మీటర్లు: ముందు ముగ్గు, తర్వాతే సిమెంటు

విజయవాడలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం అడిగిన ప్రశ్న ఇది. 40 అడుగుల రోడ్డు, దాని మీద 700 మంది చదివే బడి. పొద్దున ఎనిమిదింటి నుంచి అరగంట, సాయంత్రం బడి వదిలే వేళ ఇంకో అరగంట బండ్లు కదలవు. పొగ, హారన్లు, రోడ్డంచు నుంచి లేచే దుమ్ము. సంఘం దగ్గర కొంత డబ్బు పోగైంది. దాంతో మొక్కలు నాటించి, రెండు ఎయిర్ సెన్సర్లు పెట్టి, రోజూ ట్యాంకరుతో నీళ్లు చల్లిద్దామనుకుంటున్నారు. ఇది సరైన దారేనా, ఫుట్‌పాత్ కావాలంటే ఎవరిని పట్టుకోవాలి అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పాలంటే ఆ మూడింటిలో ఏదీ మొదట చేయాల్సిన పని కాదు. ట్యాంకరు నీళ్లు విజయవాడ ఎండకు బడి గంట మోగేలోపే ఆరిపోతాయి, దుమ్ము మాత్రం అక్కడే ఉంటుంది. సెన్సరు గాలిని కొలుస్తుంది గాని కడగదు. మొక్కల సంగతి కింద చెబుతాను. విజయవాడ మొత్తం గాలిని ఒక కాలనీ మార్చలేదు. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019లో మొదలైంది, విజయవాడతో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 13 పట్టణాలు అందులో ఉన్నాయి. ఆ లెక్కలు నగరపాలక సంస్థ చూసుకోవాల్సినవి. మీ చేతిలో ఉన్నది వేరు: గేటుకు అటూ ఇటూ వంద మీటర్లలో, రోజుకు ఒక గంటలో, పిల్లల ముక్కు దగ్గర ఉండే గాలి. బండి సైలెన్సరుకు పెద్దల ముఖం కంటే ఒకటో తరగతి పిల్ల ముఖమే దగ్గరని గుర్తుంచుకుంటే ఆ గంట ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది.

దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూడండి. తారు రోడ్డు మధ్యలో దుమ్ముండదు. తారు అంచుకీ కాంపౌండు గోడకీ మధ్య మిగిలిన మూడు నాలుగడుగుల మట్టి పట్టీలో ఉంటుంది. ఎదురు బండికి దారివ్వడానికి ప్రతి బండీ ఒక చక్రం ఆ పట్టీలోకి దింపి మళ్లీ తారెక్కుతుంది, మట్టిని వెంట తెస్తుంది. రెండోది కాల్వ పూడిక. సైడు కాల్వలోంచి తీసిన బురదను ఆరడానికని గట్టు మీదే రెండు మూడు రోజులు వదిలేస్తారు. ఆరిన పూడికంత మెత్తటి దుమ్ము ఇంకోటి ఉండదు, పైగా అది మురుగు దుమ్ము. పూడిక తీసిన రోజే ఎత్తాలని, తడిగానే ట్రాక్టరెక్కించాలని వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. ఖర్చు లేని పని, ఫలితం వారంలో కనిపిస్తుంది. మూడోది ఇళ్లు కట్టేవాళ్లు రోడ్డు మీద పోసిన ఇసుక, కంకర. కుప్ప చుట్టూ రెండు వరసల ఇటుకలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పితే చాలావరకు ఆగుతుంది. నాలుగోది ఎండుటాకులు తగలబెట్టడం. బహిరంగంగా చెత్త కాలిస్తే ₹5,000, పెద్ద ఎత్తున కాలిస్తే ₹25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ఆ కాగితం చూపించి పారిశుధ్య కార్మికులను బెదిరించకండి. ఆకులు వేయడానికి వాళ్లకో గుంత చూపించండి. పార్కు మూలలో మీటరు లోతు, రెండు మీటర్ల పొడవు గుంతలు రెండు ఉంటే ఒకటి నిండేలోపు రెండోది ఎరువవుతుంది.

ఇక బండ్లు. మొదటి ఖర్చు పెన్నులు, అట్టలు. మంగళ, బుధ, గురువారాల్లో ఏవైనా రెండు రోజులు తీసుకోండి. సోమ, శనివారాలు మామూలు రోజుల్లా ఉండవు. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, పావుగంటకో గడి చొప్పున లెక్క రాయండి. నడిచి వచ్చినవాళ్లు, సైకిళ్లు, బైకులు, ఆటోలు, వ్యాన్లు, కార్లు, బస్సులు విడివిడిగా ఉండాలి. గేటు దగ్గర ఇద్దరు, రోడ్డు రెండు చివర్లా ఒక్కొక్కరు చాలు. గేటు దగ్గర రెండో మనిషి పని వేరు: ఒక్కో కారు ఎంతసేపు ఆగిందో, ఇంజను నడుస్తోందో లేదో రాయాలి. ఈ గడే అన్నిటికంటే విలువైనది, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ఎందుకంటే పొద్దునకూ సాయంత్రానికీ లెక్క పూర్తిగా వేరు. కార్లలో వచ్చే పిల్లల కోసం 70 కార్లు వస్తున్నాయనుకోండి. పొద్దున ఒక్కో కారు రెండు నిమిషాలు ఆగి వెళ్తుంది. ఇరవై నిమిషాల రద్దీలో ఒక జాగా పది కార్లకు పనికొస్తుంది. అంటే ఏడు జాగాలు, ఒక్కోటి ఆరు మీటర్లు, మొత్తం 42 మీటర్ల అంచు. సరిపోతుంది. సాయంత్రం అలా కాదు. బెల్లుకు పావుగంట ముందే వచ్చి, ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా కూర్చుంటారు. ఒక జాగాకు ఒకటే కారు. 70 కార్లకు 420 మీటర్ల అంచు కావాలి. మీ వంద మీటర్లలో రెండు వైపులా వరసగా నిలిపినా పట్టేది 33. మిగతావి రెండో వరసలో నిలుస్తాయి, అక్కడితో రోడ్డు బిగిసిపోతుంది. కాబట్టి పార్కింగు పెంచమన్న మాట వినకండి. ఎంత పెంచినా చాలదు.

సాయంత్రానికి పనిచేసేవి రెండే. ఒకటి, తరగతులను మూడు జట్లుగా పావుగంట తేడాతో వదలడం. దీనికి రోడ్డు పని అక్కర్లేదు, ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే చాలు. ఒకే ఇంటి పిల్లలు వేర్వేరు జట్లలో ఉంటే పెద్దదాన్ని చిన్నదానితో పాటు వదలాలి. ఈ వెసులుబాటు పెట్టకపోతే తల్లిదండ్రులు రెండో వారంలోనే ఎదురు తిరుగుతారు. రెండోది, కార్లను 250 మీటర్ల దూరంలో ఏ కల్యాణ మండపం ఆవరణలోనో గుడి ఖాళీ స్థలంలోనో ఆపించి, అక్కణ్ణుంచి నడిపించడం. పగటిపూట ఖాళీగా ఉండే మండపం వాళ్లు సాధారణంగా కాదనరు, రాతపూర్వక ఒప్పందం మాత్రం చేసుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో ఏం చేయాలో అందులోనే రాయాలి. మాఘమాసంలో ఏర్పాటు కుప్పకూలేది అక్కడే.

ఆ గంటసేపు రోడ్డునే బండ్లకు మూసేస్తే? ఇటలీలోని బోల్జానోలో 1989లోనే మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు లండన్‌లో వందల బడుల ముందు నడుస్తోంది. 2021లో అక్కడ వెలువడిన లెక్కల్లో పొద్దున పిల్లలను దింపే వేళ బండ్ల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ గరిష్ఠంగా 23 శాతం వరకు తగ్గింది. ఆ అంకె మనకు వర్తించదు. అక్కడ డీజిలు కార్లు ఎక్కువ, ఇక్కడ బైకులూ మట్టీ ఎక్కువ. పద్ధతి మాత్రం అచ్చంగా పనికొస్తుంది. మన చట్టంలో దానికి దారి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 115 కింద ప్రభుత్వం గానీ అది అధికారమిచ్చిన అధికారి గానీ ఏదైనా రోడ్డులో బండ్లను నియంత్రించవచ్చు. ఆ ఆంక్ష నెల రోజులకు మించకపోతే గెజిట్ నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే చాలు. అందుకే మీ అర్జీలో ‘శాశ్వతంగా మూయండి’ అని రాయకండి, ఏ అధికారీ సంతకం పెట్టడు. ‘పని దినాల్లో 8.00 నుంచి 8.45 వరకు, 3.30 నుంచి 4.30 వరకు, 30 రోజుల ప్రయోగం’ అని రాయండి. ట్రాఫిక్ ఏసీపీ ద్వారా పోలీస్ కమిషనరుకు వెళ్తుంది. జతగా మీ లెక్కల కాగితం, ఒక పటం, బడి యాజమాన్యం లేఖ, పక్క వీధుల వాళ్ల సంతకాలు పెట్టండి.

పక్క వీధులన్నది మరువకండి. ఇక్కడ ఆపిన కారు మాయం కాదు, వెనక వీధిలో తేలుతుంది. పక్క వీధిలో కూడా ముందూ వెనకా లెక్క రాసి పెట్టుకుంటే గొడవ వచ్చినప్పుడు మాట్లాడటానికి కాగితం ఉంటుంది.

మూసే రోడ్డుకు రెండు చివర్లా ఇద్దరేసి మనుషులు, మెరిసే జాకెట్లు, రెండడుగుల పైచిలుకు ఎత్తున్న కోన్లు ఆరేసి, చక్రాల బారికేడు ఒక్కోటి కావాలి. బారికేడు ఒక్క మనిషి పక్కకు లాగగలిగేలా ఉండాలి. ఆంబులెన్సు, ఫైరింజను కోసం మధ్యలో 12 అడుగులు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, ఆ జాగాలో కుండీలు పెట్టకూడదు. ఆ రోడ్డులో కాపురముండేవాళ్లకు, గ్యాసు బండికి, నడవలేని పిల్లల్ని తెచ్చే బండికి మినహాయింపు స్టిక్కరు ఇవ్వండి, వాళ్లు మనిషి నడకంత వేగంతోనే వెళ్లాలి. స్టిక్కర్లు ఇంటికి రెండుకు మించితే వారంలో ఊరంతా స్టిక్కర్లే. రోజూ నిలబడేది ఎవరన్నది అసలు చిక్కు. తల్లిదండ్రులు మొదటి వారం ఉత్సాహంగా వస్తారు, మూడో వారానికి ఇద్దరు మిగులుతారు. తరగతికో వారం వంతు వేయండి, సంఘం డబ్బుతో ఒక రిటైర్డు హోంగార్డును పూర్తి నెలకు పెట్టుకోండి. సెన్సర్ల కంటే ఆ జీతానికి ఎక్కువ ఫలితం ఉంటుంది.

బడి ఆటోలను మాత్రం కార్లతో కలిపి తరమకండి. ఆరుగురు పిల్లల్ని తెచ్చే ఆటో ఆరు బైకుల పని చేస్తోంది. గేటుకు అతి దగ్గర జాగా వాళ్లకే ఇవ్వాలి, షరతు ఒకటే: ఆగగానే ఇంజను ఆపాలి. ఆటో స్టాండు పెద్దతో ముందే కూర్చుని మాట్లాడితే వాళ్లే మిగతా బండ్లను అదుపు చేస్తారు. పొగ గురించి ఉపన్యాసమివ్వకుండా గ్యాసు ఖర్చు లెక్క చెప్పండి, పది సెకన్లకు మించి ఆగితే ఆపేయడమే లాభం.

ఇప్పుడు ముగ్గు. ఫుట్‌పాత్ కోసం కార్పొరేషను ఇంజినీరు దగ్గరికి వెళ్లే ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి రోడ్డు మీదే సమావేశం పెట్టండి. రెండు బస్తాల ముగ్గుపిండి, టేపు, నూలుతాడు. 40 అడుగుల రోడ్డును ఇలా పంచి గీయండి: రెండు వైపులా ఆరేసి అడుగులు (1.8 మీటర్లు, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కనీస వెడల్పు) నడవడానికి, 20 అడుగులు బండ్లకు, మిగిలిన 8 అడుగుల పట్టీ ఒకవైపు చెట్లు, తోపుడు బండ్లు, ఆటోల ఆగుడు కోసం. గోడలూ మెట్లూ ముందుకొచ్చి అసలు వెడల్పు 36 అడుగులే ఉందని ఆ రోజే బయటపడవచ్చు. అప్పుడు 8 అడుగుల పట్టీని తగ్గించాలి గాని నడిచే ఆరడుగులను కాదు. బడి బస్సును పిలిచి నిండా మలుపు తిప్పించండి. మూలలో ముగ్గు ఎక్కడ టైరుకు చెరిగిందో అక్కడ కర్బును (ఫుట్‌పాత్ అంచు రాయిని) అంతమేర వెనక్కి జరపాలి. చెరగని చోటంతా మీదే, మూలను ధైర్యంగా ముందుకు తేవచ్చు. నాలుగైదు మీటర్ల వ్యాసార్థంలో మూల ఉంటే బస్సు మెల్లగా తిరుగుతుంది, బైకు కూడా మెల్లగానే తిరుగుతుంది. డ్రాయింగు చూసి తల ఊపేవాళ్లంతా ముగ్గు చూడగానే మాట్లాడతారు. ‘మా గేటు ఎదురుగా ఇదేంటి’ అన్న మాట ఆ రోజే రావాలి, కాంక్రీటు పోసిన రోజు కాదు.

ఆ సమావేశానికి ఇంటి యజమానులే వస్తే సగం సమాచారం పోయినట్టే. అద్దెకున్నవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, బడి ఆయాలు, ఇడ్లీ బండి ఆయన, వీళ్లే ఆ రోడ్డు మీద ఎక్కువ నడిచేది. సంఘం సభ్యత్వం యజమానులకే ఉంటుంది గనక వీళ్లను పేరుపేరునా పిలవాలి. తోపుడు బండ్లను ‘ఖాళీ చేయించండి’ అని అర్జీలో రాయడం మాత్రం తప్పు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వాళ్లను తొలగించకూడదు, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. 8 అడుగుల పట్టీలో గీత గీసి చోటివ్వండి. కట్టెల పొయ్యి, బొగ్గు పొయ్యి ఉన్న బండి ఉంటే గ్యాసు పొయ్యికి సంఘం సాయం చేస్తే సరి.

నెల ప్రయోగంలో కుండీలతోనే సరిహద్దు పెట్టండి. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా సగానికి కోస్తే రెండు కుండీలు. నిండా మట్టి, తడి కలిపి ఒక్కోటి వంద కిలోలు దాటుతుంది, ఆటో గుద్దితే జరుగుతుంది గాని ఎగిరిపడదు. ఖాళీగా వదిలితే రెండో రోజుకే ఎవరి డాబా మీదో తేలుతుంది. చుట్టూ మెరిసే టేపు తప్పనిసరి, రాత్రిపూట బైకు ప్రమాదానికి సంఘమే జవాబు చెప్పాల్సి వస్తుంది. రోడ్డు మీద రంగు వేస్తే మామూలు ఎనామిల్ వద్దు, తొలి వానకే జారుతుంది. తడి రంగు మీద సన్నటి ఇసుక జల్లి ఇంకో పూత వేయించండి.

ప్రయోగం నిలబడ్డాక సిమెంటు. మన ఊళ్లలో ఫుట్‌పాత్ చెడేది ఎక్కువగా ఎత్తు వల్ల. సైడు కాల్వ మీద పలకలు పరిచి దాన్నే ఫుట్‌పాత్ అంటారు. అది రోడ్డుకు అడుగున్నర ఎత్తు ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. కర్బు 150 మి.మీ. దాటకూడదు. కింద గట్టిగా దిమ్మిసా చేసిన గ్రావెల్ మీద 100 మి.మీ. కాంక్రీటు, 30 మి.మీ. ఇసుక, పైన 60 మి.మీ. పేవర్లు (పరిచే సిమెంటు రాళ్లు). కార్లు ఎక్కే గేట్ల దగ్గర 80 మి.మీ. పేవర్లు వేయాలి, అక్కడ 60వి వేస్తే ఏడాదిలో కుంగుతాయి. రోడ్డు వైపు రెండు శాతం వాలు. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్‌ను కిందికి దించకండి. ఎక్కీ దిగీ విసిగి జనం వదిలేస్తారు. కారు ర్యాంపు అంచు పట్టీలోనే ఉండాలి, నడిచేవాళ్ల మట్టం ఒకేలా సాగాలి. ఇంటివాళ్లు రోడ్డు మీదికి పోసుకున్న ర్యాంపుల్లో మొదట తీయాల్సింది సంఘం అధ్యక్షుడిది. ఇది చెప్పడం తేలిక, చేయించడమే కష్టం.

గేటు ఎదుట రోడ్డు దాటడానికి ఎత్తు చేసిన క్రాసింగు ఒకటి చాలు. కర్బు ఎత్తుకే, పైన కనీసం మూడు మీటర్ల చదును, రెండు వైపులా 1.8 మీటర్ల వాలు. రెండంచుల్లో వాన నీటికి గొట్టమో జాలీ కాల్వో పెట్టకపోతే అదే చెరువు కట్టవుతుంది, జూలైలో జనమే పగలగొడతారు. మిగతాచోట స్పీడుబ్రేకర్లు అడిగితే కొలత ప్రకారమే అడగండి: 3.7 మీటర్ల పొడవు, 10 సెం.మీ. ఎత్తు, గంటకు 25 కి.మీ. వేగానికి. కాలనీల్లో కనిపించే అడుగు వెడల్పు గడ్డల దగ్గర ప్రతి బండీ బ్రేకు వేసి మళ్లీ గట్టిగా యాక్సిలరేటర్ తిప్పుతుంది. ఆ పొగంతా ఆ గడ్డ ఎదుటి ఇంటివాళ్లకే.

చెట్ల విషయం. ఇరుకు వీధిలో దట్టమైన గొడుగు చెట్లు కిందనున్న పొగను పైకి పోనివ్వవు. నడిచే దారికీ బండ్లకూ మధ్య నడుమెత్తు దట్టమైన పొద వరస పిల్లలకు ఎక్కువ ఉపకారం. నీడకు కానుగ, వేప, పొగడ, ఎనిమిది మీటర్లకొకటి. మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు పడకూడదు, ఆ పాదులోకే రోడ్డు నీళ్లు వాలేలా కర్బులో గండి పెట్టండి. తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం పెట్టకండి.

సెన్సర్లు కొనే తీరాలంటే ఒకే రకంవి రెండు కొనండి. ముందు వారం రెండింటినీ పక్కపక్కనే పెట్టి తేడా రాసుకోండి. తర్వాత ఒకటి గేటు దగ్గర, ఒకటి బండ్లు తిరగని వెనక సందులో, రెండు మీటర్ల ఎత్తున, నీడలో, వంటింటి చిమ్నీకీ ఏసీకీ దూరంగా. చూడాల్సింది ఆ రెండింటి మధ్య తేడా, ఆ గంటలో. చవక సెన్సర్లు లేజరుతో లెక్కిస్తాయి గనక గాలిలో తేమ 80 శాతం దాటితే నీటి తుంపరనే ధూళిగా చూపిస్తాయి. పుష్యమాసం మంచులో కృష్ణ ఒడ్డున వచ్చే అంకెలు నమ్మదగ్గవి కావు. ఇంకో మాట: వీటికి సన్నటి ధూళి అయిన పీఎం 2.5 కొంతవరకు తెలుస్తుంది, ముతక దుమ్మైన పీఎం 10 సరిగా తెలియదు. మీ ఫిర్యాదేమో ముతక దుమ్ము గురించి. రోడ్డంచు మట్టి పట్టీలో రాళ్లు పరిచాక అంకె కదలకపోయినా పని వృథా అయినట్టు కాదు. గేటు పక్క కిటికీ అద్దాన్ని వారానికోసారి తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డలు తేదీలు వేసి దాచండి. కౌన్సిలరుకు గ్రాఫు కంటే ఆ గుడ్డల వరసే తొందరగా అర్థమవుతుంది.

ఎవరిని పట్టుకోవాలన్నదానికి: కర్బు, కాల్వ, పేవర్లు కార్పొరేషను ఇంజినీరింగు విభాగం. ఫుట్‌పాత్ మధ్యలో ఉన్న స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ పంపిణీ సంస్థ. బండ్ల ఆంక్ష ట్రాఫిక్ పోలీసు. మూడింటికి మూడు అర్జీలు, ఒక్కోటి ఒకే పేజీ, అడిగేది మీటర్లలో, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ‘గాలి కాలుష్యం అరికట్టండి’ అని రాస్తే అది ఏ బల్లకూ చెందదు. నిధుల్లేవంటే పది లక్షల జనాభా దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం 2026 మార్చి వరకు గాలి నాణ్యత గ్రాంటు కేటాయించిందని, అందులో విజయవాడ కూడా ఉందని, రోడ్డంచు మట్టి పట్టీలకు రాళ్లు పరచడం దుమ్ము తగ్గించే పనే కదా అని అడగండి. మంచినీటి గొట్టం, మురుగు లైను, కేబుళ్లు ఏవైనా మార్చాల్సి ఉందా అని ఫుట్‌పాత్ మంజూరుకు ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి, లేదంటే కొత్త పేవర్లు మూణ్ణెల్లకే తవ్వుతారు.

నెలలు వెనక్కి లెక్కేసుకోండి. కాంక్రీటు పని బడి లేని వేసవి సెలవుల్లోనే అవ్వాలి, అంటే ఏప్రిల్ చివర మొదలై జూన్ మొదటి వారానికి పూర్తి కావాలి. అంచనాలు, టెండరు జనవరి నుంచి మార్చి వరకు పడతాయి. కాబట్టి నెల ప్రయోగం నవంబరులో, దాని అర్జీ అక్టోబరు మొదట్లో, ముగ్గు వేయడం దసరా సెలవుల ముందు ఆదివారం, బండ్ల లెక్క ఆగస్టులో.